హల్మొని ఇచ్చిన ద్వెన్‌జాంగ్‌తో చలికాలపు సూప్ ఎలా?

ప్రశ్న: మేం దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఉంటున్నాం. మావారి ఉద్యోగం ఇక్కడే. ఇది మాకు రెండో చలికాలం. పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. రోజూ చారు, పప్పు పెట్టి పెట్టి నాకే విసుగొచ్చింది. పైగా ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు అడుగంటింది. కింది వాటాలో ఉండే హల్మొని, అంటే బామ్మగారు, తను సొంతంగా పెట్టిన ద్వెన్‌జాంగ్, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, ఒక సీసా నిండా ఇచ్చింది. ఏదో వీడియో చూసి, మూడు పెద్ద చెంచాలు వేసి కూరగాయల సూప్ చేశాను. మన పద్ధతిలో ఆవాలు, జీలకర్ర పోపు వేసి, అందులోనే పేస్ట్ వేయించి, కాస్త చింతపండు పులుసు పోశాను. ఉప్పు కషాయం, పైగా చేదు. ఇల్లంతా ఒకటే వాసన. ఆరేళ్ల మా బాబు ముక్కు మూసుకుని పారిపోయాడు. పేస్ట్ మీద అక్కడక్కడా తెల్లగా పొరలా కూడా ఉంది. పాడైందేమోనని టెన్షన్. పారేయాలంటే మనసు రావడం లేదు. చలికి సరిపడే తేలిక సూప్ దీంతో ఎలా చేయాలి? అసలు ఇది శాకాహారమేనా?

సమాధానం: పారేయకండి. ఎవరైనా మీకు వాళ్లింటి ఆవకాయ జాడీ చేతిలో పెడితే ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. సూపర్ మార్కెట్ షెల్ఫులో ఇది దొరకదు.

ఇక మీ సూప్ సంగతి. మనకు ఏ వంటైనా పోపుతో మొదలవుతుంది, పులుపుతో నిలబడుతుంది. ద్వెన్‌జాంగ్‌కి ఆ రెండూ గిట్టవు. కాగిన నూనెలో పడగానే ఆ సోయా ముద్ద అడుగంటి మాడుతుంది. మీకు తగిలిన చేదు అక్కడిదే. నెలల తరబడి పులిసి తయారైన ముద్దకు మళ్లీ చింతపండు పులుపు తగిలిస్తే రెండూ కొట్లాడుకుంటాయి. ఉప్పంటారా, వీడియోల్లో చెప్పే చెంచాల కొలత చాలావరకు ఫ్యాక్టరీ పేస్ట్‌కి. ఇంట్లో పెట్టినదాంట్లో ఉప్పు అంతకంటే ఎక్కువే ఉంటుంది. చెడకుండా ఏళ్లు నిలవాలిగా మరి.

అది ఎలా తయారైందో తెలిస్తే ఎలా వండాలో సగం తెలిసిపోతుంది. సోయా గింజల్ని మెత్తగా ఉడికించి, దంచి, ఇటుకల్లా అచ్చు పోస్తారు. వాటిని మెజు అంటారు. వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. ఆ గడ్డి కట్టడానికి మాత్రమే కాదు, సోయాను పులియబెట్టే బ్యాక్టీరియా దాన్నుంచే అందుతుంది. బాగా ఆరి, పగుళ్లిచ్చి, బూజు పట్టిన మెజులను చలి తగ్గే రోజుల్లో కడిగి, ఉప్పునీళ్లు పోసిన మట్టి జాడీల్లో మునగేస్తారు. పైన కాసిని ఎండుమిరపకాయలు, బొగ్గు ముక్కలు వేస్తారు. నెలన్నర, రెండు నెలలయ్యాక నీటిని వేరు చేస్తే అది సోయాసాస్. మిగిలిన ముద్దను మెదిపి మళ్లీ జాడీకెత్తితే ద్వెన్‌జాంగ్. అందులో ఉండాల్సింది సోయా, ఉప్పు, నీళ్లు, అంతే. ఇలా జాంగ్‌లు, అంటే ఈ సోయా ముద్దలు, సాస్‌లు పెట్టే విద్యను యునెస్కో 2024 డిసెంబరులో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కిమ్చీ పెట్టే సంప్రదాయానికి ఆ గౌరవం 2013లోనే దక్కింది.

కాబట్టి సంప్రదాయ పద్ధతిలో పెట్టినదైతే మీది శాకాహారమే. ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. కొన్ని ఇళ్లల్లో రుచి కోసం ఎండు నెత్తళ్ల పొడి కలుపుతారు. హల్మొనిని 'మ్యొల్చి దురొగస్సొయో?' అని అడగండి. నెత్తళ్లు వేశారా అని అర్థం. మీరు అడిగినందుకు ఆవిడ ఏమీ అనుకోదు. ఇది అయిపోయాక కొట్లో కొనాల్సి వస్తే మరింత జాగ్రత్తగా ఉండాలి. 'జ్జిగే (చిక్కటి పులుసు) కోసం' అని రాసి అమ్మే డబ్బాల్లో చాలావాటిలో నెత్తళ్లు, గుల్లలు, రొయ్యలు, గొడ్డుమాంసం వీటిలో ఏదో ఒకదాని రసం ముందే కలిపి ఉంటుంది. ఫోన్ కెమెరాతో డబ్బా వెనకవైపు అనువాదం చేసి చూడండి. మ్యొల్చి, చోగే, సేవు, సోగోగి, ఈ నాలుగు పేర్లలో ఏది కనిపించినా అక్కడే పెట్టేయండి. దాషిదా అని అమ్మే సూప్ పొడుల్లో అందరికీ తెలిసినది గొడ్డుమాంసంతో చేసేది. హోటల్లో కూరగాయల సూప్ అన్నా సరే, నీళ్లు చాలాసార్లు నెత్తళ్లతో మరిగించినవే అయి ఉంటాయి. కిమ్చీలోనూ ఉప్పురొయ్యలో, చేపసాసో వేయడం మామూలే. ఇన్ని తిప్పలున్నాయి కనుకే శాకాహారులు ఈ సూప్ ఇంట్లో చేసుకోవడం మేలంటాను.

తెల్లపొర గురించి: పలచగా, పొడిపొడిగా ఉన్న తెల్లటి పొర సాధారణంగా ఒకరకం ఈస్ట్. పొడి చెంచాతో పైపైన తీసేసి వాడుకోవచ్చు. పేస్ట్ రంగు ముదురుతున్నా కంగారు పడకండి, పాతబడేకొద్దీ అది నల్లబడుతుంది. నీలంగానో పచ్చగానో నల్లగానో నూగుతో బూజు పడితే మాత్రం మొహమాటం లేకుండా పారేయాల్సిందే. సీసాని ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా పెట్టకూడదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వంటకొద్దాం. ఈ సూప్‌కి ప్రాణం నీళ్లు. పేస్ట్ తర్వాత సంగతి. ఉత్త నీళ్లలో ద్వెన్‌జాంగ్ కలిపితే ఉప్పగా, బోసిగా ఉంటుంది. ఆ లోటు పూడ్చాలని ఇంకో చెంచా వేస్తాం, ఇంకా ఉప్పెక్కుతుంది. కొరియా ఇళ్లల్లో ఈ నీళ్లకు రుచినిచ్చేది ఎండు నెత్తళ్లు, దాషిమా. దాషిమా అంటే సముద్రంలో పెరిగే దళసరి నాచు, ఎండబెట్టి నల్లటి అట్టముక్కల్లా అమ్ముతారు. మీరు నెత్తళ్లు మానేసి ఆ చోట ఎండు ప్యోగో పుట్టగొడుగులు వేయండి. నన్నడిగితే ఈ జోడీకే నా ఓటు. దీని వెనక కాస్త సైన్సు కూడా ఉంది. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త గ్లుటమేట్‌ను వేరుచేసింది ఈ జాతి నాచులోంచే. తర్వాత అజినమోటోగా మన బజార్లకొచ్చింది అదే. ఎండు పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అనే పదార్థం ఉంటుంది. ఈ రెండూ ఒక గిన్నెలో కలిస్తే రుచి కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది.

బియ్యం కడిగేటప్పుడు మొదటి నీళ్లు పారబోయండి. రెండోసారి చేత్తో కాస్త గట్టిగా పిసికి కడిగి, ఆ తెల్లటి నీళ్లు ఒకటింపావు లీటరు పట్టుకోండి. మన ఊళ్లల్లో కుడితి తొట్టిలోకి పోయే ఈ నీళ్లకు కొరియా వంటింట్లో గౌరవం ఎక్కువ. అందులోని పిండి సూప్‌కి కాస్త చిక్కదనమిస్తుంది, పేస్ట్ ఘాటును కూడా మెత్తబరుస్తుంది. మీ ఇల్లంతా కమ్మేసిన వాసన సగం దీంతోనే సర్దుకుంటుంది. అరచేయంత దాషిమా ముక్కను తడిగుడ్డతో ఒకసారి తుడవండి. పైన తెల్లటి పొడిలాంటిది ఉంటే రుద్ది కడగొద్దు, రుచి పోతుంది. ఆ ముక్కనూ, నాలుగు ఎండు పుట్టగొడుగుల్నీ ఆ చల్లటి నీళ్లలోనే అరగంట నాననివ్వండి. వేడినీళ్లు పోసి తొందరపెట్టకండి.

తర్వాత మధ్యస్థం మంట మీద పెట్టండి. మరుగు మొదలైన ఐదు నిమిషాలకు దాషిమా తీసేయాలి. మరిచిపోయి అలాగే ఉంచితే నీళ్లు జిగురొచ్చి, చేదు దిగుతుంది. పుట్టగొడుగుల్ని ఇంకో పది నిమిషాలు ఉడకనిచ్చి, బయటికి తీసి, కాడలు కోసేసి, టోపీలను సన్నగా తరిగి మళ్లీ అందులోనే వేయండి. ఈ దశలో ఒక చెంచా నీళ్లు రుచి చూడండి. ఉప్పు లేదు, కారం లేదు, అయినా నోట్లో ఏదో నిలబడినట్టు ఉండాలి. అలా లేకపోతే ఇంకో ఐదు నిమిషాలు మరగనివ్వండి.

ఒక మాట, మీ ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మందులు వాడుతుంటే దాషిమా విషయంలో డాక్టరును అడగండి. అందులో అయోడిన్ చాలా ఎక్కువ, మరిగించిన నీళ్లలోకీ దిగుతుంది. పుట్టగొడుగులు రెట్టింపు వేసి, నాచు లేకుండా చేసినా సూప్ బాగానే ఉంటుంది.

ముక్కల్లో ముందు వేయాల్సింది ముల్లంగి. మీకక్కడ 'ము' అనే పేరుతో దొరికేది మన ముల్లంగిలా సన్నగా పొడుగ్గా ఉండదు. పొట్టిగా, లావుగా, భుజాల దగ్గర లేతపచ్చగా ఉంటుంది. చలికాలంలో జెజు దీవి నుంచి వచ్చేది మరీ తియ్యన. పచ్చటి పైభాగం పచ్చిగా తినడానికి దాచి, మధ్యభాగం పావుకిలో సూప్‌కి తీసుకోండి. కొస కాస్త ఘాటు. రెండంగుళాల బిళ్లలుగా, రూపాయి బిళ్లంత మందాన కోయండి. నీళ్లలో పడ్డప్పుడు తెల్లగా ఉన్న ముక్క ఏడెనిమిది నిమిషాల్లో అంచుల నుంచి అద్దంలా మారుతూ వస్తుంది. మధ్యలో ఇంకా కాస్త తెలుపు మిగిలి ఉండగానే పేస్ట్ కలిపే సమయం.

పేస్ట్‌ను నేరుగా గిన్నెలో వేయకండి. చిన్న జల్లెడలో, టీ వడకట్టుది పెద్దదైతే అదైనా చాలు, ఒకటిన్నర పెద్ద చెంచాలు తీసుకుని, జల్లెడ అడుగు సూప్‌లో మునిగేలా పట్టుకుని, చెంచా వెనక వైపుతో రుద్దండి. గోధుమరంగు మబ్బులా నీళ్లలోకి దిగుతుంది. చివరికి సోయా పలుకులు జల్లెడలో మిగులుతాయి. పిల్లాడికి నోటికి తగలకూడదనుకుంటే తీసేయండి, పెద్దవాళ్లకైతే వాటిని కూడా వేసేయొచ్చు. ఇప్పుడు రుచి చూసి, చాలకపోతే అర చెంచా చొప్పున పెంచండి. విడిగా ఉప్పు వేయొద్దు. ద్వెన్‌జాంగ్ బరువులో సుమారు పదోవంతుకు పైనే ఉప్పు ఉంటుంది. ఒక పెద్ద చెంచాలోనే దాదాపు రెండు గ్రాములు వచ్చేస్తుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లకు ముక్కలు ఎక్కువ, రసం తక్కువ వడ్డించండి.

తర్వాత బేచు, అంటే అక్కడి పొడుగాటి క్యాబేజీ. లోపలి లేతపసుపు ఆకులు ఐదారు తీసుకుని, తెల్లటి కాడల్ని వేరుగా, ఆకుల్ని వేరుగా తుంచండి. కాడలు ముందు, ఆకులు రెండు నిమిషాల తర్వాత. ఇక మంట తగ్గించి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల దాకా నెమ్మదిగా ఉడకనివ్వండి. ఫ్యాక్టరీ పేస్ట్ ఇంతసేపు ఉడికితే రుచి తగ్గుతుంది, దాన్ని చివర్లో కలిపి పదినిమిషాల్లో దించేయాలి. హల్మొని చేతిది మాత్రం ఉడికేకొద్దీ కమ్మనవుతుంది. పెద్ద మంట మీద కుతకుత మరిగిస్తే వాసన లేస్తుంది. సిమ్‌లో పెడితే అంతగా రాదు. గ్యాస్ బిల్లు చూసి భయపడేవాళ్లకూ అదే మంచిది. దించడానికి ఐదు నిమిషాల ముందు అరబిళ్ల టోఫు ముక్కలు, దంచిన వెల్లుల్లి ఒక చిన్న చెంచా. చివర్లో ఏటవాలుగా కోసిన దేపా, అంటే లావాటి ఉల్లికాడ. కారం కావాలంటే చొంగ్యాంగ్ పచ్చిమిర్చి ఒకటి. అది చూడ్డానికి చిన్నగా ఉంటుంది, ఘాటు బాగానే తగులుతుంది. గుంటూరు నాలుకకు ఒకటి చాలదనిపించొచ్చు, అయినా ఒకటితోనే ఆపండి. మూడేస్తే ఇంత కష్టపడి మరిగించిన నీళ్ల రుచి మిరపకాయ కింద పోతుంది.

పోపు లేకుండా దించడం మొదట్లో చేతికి వెలితిగా అనిపిస్తుంది, తెలుసు. కొత్తిమీర చల్లాలనీ అనిపిస్తుంది. ఒక్కసారికి ఆగి చూడండి.

వడ్డించేటప్పుడు అక్కడ అన్నం గిన్నె ఎడమ పక్కన, సూప్ గిన్నె కుడి పక్కన పెడతారు. చారన్నంలా ముందే కలిపేయకుండా చెంచాడు అన్నం, చెంచాడు సూప్ తినొచ్చు. లేదంటే అన్నం మొత్తం సూప్‌లో వేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు, చలికాలంలో వాళ్లూ అదే చేస్తారు.

ఒకే సూప్ రోజూ వద్దనుకుంటే ముక్కలు మార్చండి, నీళ్లు అవే. చలికాలం పాలకూర ఒకటి బాగుంటుంది. పోహాంగ్ వైపు సముద్రపు గాలికి, చలికి పొట్టిగా, నేలబారుగా పెరుగుతుంది. వేర్ల దగ్గర గులాబీరంగులో ఉండే ఆ కట్టలు కనిపిస్తే వదలకండి. మామూలు పాలకూర కంటే చాలా తియ్యన. దించే ముందు రెండు నిమిషాలు ఉడికితే చాలు. బంగాళాదుంప, లేత సొరకాయలాంటి ఏహోబక్ కూడా సరిపోతాయి.

మీ పేస్ట్‌కి అన్నిటికంటే నప్పేది సిరేగి. ముల్లంగి ఆకుల్ని ఎండగట్టి దాచినది. ముల్లంగి ఆకు పప్పు తిన్న నాలుకకు కొత్తేమీ కాదు. ఎండినది కొంటే రాత్రంతా నానబెట్టి, అరగంటకు పైగా ఉడికించి, అదే నీళ్లలో చల్లారనిచ్చి, కాడల మీద సన్నటి పొర ఒలిచేయాలి. అంత ఓపిక లేకపోతే సంతలో ఉడికించినదే అమ్ముతారు. దాన్ని పిండి, రెండంగుళాల ముక్కలు కోసి, గిన్నెలో ద్వెన్‌జాంగ్, వెల్లుల్లి వేసి చేత్తో బాగా పిసికి, పది నిమిషాలు ఉంచి, అప్పుడు మరిగిన నీళ్లలో వేయండి. నలభై నిమిషాలు సిమ్‌లో. చివర్లో రెండు చెంచాల దుల్‌క్కే పొడి కలపండి. చూడ్డానికి నువ్వుల పొడిలా ఉంటుంది కానీ అది పెరిల్లా గింజలది. సూప్ తెల్లగా, చిక్కగా మారి, గడ్డకట్టే చలిలోనూ కడుపులో వెచ్చగా ఉంటుంది.

మీకింకో దారి కూడా ఉంది. కొరియా బౌద్ధ మఠాల వంట మొత్తం శాకాహారం. నెత్తళ్ల బదులు నాచు, పుట్టగొడుగులు వాడే పద్ధతి వాళ్లకు అలవాటైనదే. వాళ్లు వెల్లుల్లి, ఉల్లికాడలు, ఆ జాతివే మరో రెండు ఆకులు వంటలో వేయరు. మానేసినవాటి జాబితాలో ఐదోది హుంగ్గొ, అంటే మన ఇంగువే. మనదగ్గర ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్లు ఇంగువతో సరిపెట్టుకుంటుంటే, వాళ్లు దాన్ని కూడా వదిలేశారు! కార్తీకమాసంలో మీరు ఉల్లి, వెల్లుల్లి ముట్టని వాళ్లయితే, పై సూప్‌లోంచి ఆ రెండూ తీసేసి పెరిల్లా పొడి పెంచండి. లోటు తెలియదు.

ఇక మీ బాబు. ముక్కు మూసుకున్న పిల్లాడికి మర్నాడే ద్వెన్‌జాంగ్ పెట్టి గెలవలేం. వాడికి ముందు సోయా మొలకల సూప్ అలవాటు చేయండి. అవే పుట్టగొడుగుల నీళ్లు, రెండు గుప్పెళ్ల కొంగ్‌నాముల్ మొలకలు, చిటికెడు ఉప్పు, కాస్త వెల్లుల్లి. ఒక్కటే షరతు: మూత పెడితే మొలకలు ఉడికేదాకా తీయకూడదు, తెరిచి ఉడికిస్తే చివరిదాకా తెరిచే ఉంచాలి. మధ్యలో మూత తీస్తే పచ్చి చిక్కుడు వాసన పట్టుకుంటుంది. జలుబు చేసినప్పుడు పెద్దవాళ్లు ఇందులో మిరప్పొడి చల్లుకుని తాగుతారు. వాడు దీనికి అలవాటు పడ్డాక, అందులోనే పావు చెంచా ద్వెన్‌జాంగ్ కరిగించండి. అడిగితే చెప్పండి, అడక్కపోతే ఊరుకోండి.

ఈ నీళ్లు రోజూ కాయక్కర్లేదు. ఆదివారం మూడు లీటర్లు కాసి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటాయి. అయితే నిల్వకి బియ్యం కడుగు వద్దు, త్వరగా పులుస్తుంది. మామూలు నీళ్లే వాడి, వండే పూట కాస్త కడుగు కలుపుకోండి. మిగతాది డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. తయారైన సూప్‌ను గడ్డ కట్టించాల్సి వస్తే టోఫు ఏరేయండి, కరిగాక స్పాంజిలా తయారవుతుంది. బయటికి తీసిన దాషిమాను సన్నగా కోసి, సోయాసాస్, నువ్వులు, చెంచా పంచదారతో దగ్గరపడేదాకా వేయిస్తే అన్నంలో నంజుడుకు పనికొస్తుంది. అయోడిన్ సంగతి చెప్పానుగా, రోజూ మాత్రం తినకండి.